కనకమ్మగారి ఇంకోసారి

కనకమ్మగారికి కోపం లేదు, చాడీలు చెప్పే అలవాటు లేదు, నగల పిచ్చి అసలే లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎవరి నోట్లోంచి ఏ శబ్దం వచ్చినా సరే, మెడలో వేలాడే చిన్న రికార్డరు తీసి వాళ్ల మూతి ముందు పెట్టి, నడుం వంచి దణ్ణం పెట్టి, "ఇంకోసారి" అంటారు. మాట్లాడితే ఇంకోసారి. దగ్గితే ఇంకోసారి. ఆవలిస్తే ఇంకోసారి. ఒకరోజు పనిమనిషి పేరమ్మ కాలి బొటనవేలు మంచం కోడుకు తగిలి "అమ్మో!" అని కూలబడింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి ఐసుముక్క పెట్టి, కట్టు కట్టి, నీళ్లు తాగించి, అన్నీ అయ్యాక రికార్డరు తీసి "ఇంకోసారి" అన్నారు.

"ఇంకోసారి తగిలించుకోమంటారా ఏంటండీ?" అని కళ్లెర్రజేసింది పేరమ్మ.

"తగలొద్దు. అమ్మో మాత్రం."

పేరమ్మ ఏం చేస్తుంది పాపం, అంది. మొదటి అమ్మో అంత బాగా రాలేదని ఇంకో రెండుసార్లు అనిపించారు.

పాస్‌పోర్టులో ఆవిడ పేరు కనోకో. జపాన్ మనిషి. పేరమ్మది రాజోలు దగ్గర కొబ్బరితోటల పల్లె. అబుదాబిలో ఆ ఇంట్లో పనికి కుదిరిన మొదటిరోజే "కనోకో" అనే పేరు తన నోటికి పట్టదని తేల్చుకుని "కనకమ్మగారూ" అని పిలిచేసింది. ఆవిడ ఉలిక్కిపడి, ఆనందపడి, ఇంకోసారి పిలిపించుకుని, ఆ పేరే ఖాయం చేసుకున్నారు.

ఆవిడ సామాన్యురాలేం కాదు. పందొమ్మిదో ఏట గిటారు భుజాన వేసుకుని రైల్వేస్టేషను ముందు నిలబడి, తను రాసిన పాటలు తనే పాడుకున్నారట. ఆ పాటలు ఎవరో కంపెనీవాళ్లు విన్నారు. సీడీలు వచ్చాయి. తర్వాత బొమ్మల సినిమాల వాళ్లు పిలిచారు. కత్తి పట్టిన పదేళ్ల పిల్లాడికి ఆవిడే గొంతు, వాడి వెంట తిరిగే పిరికి నక్కకీ ఆవిడే గొంతు, వాళ్లిద్దర్నీ తరిమే మంత్రగత్తెకీ ఆవిడే. అక్కడి పిల్లల్లో సగం మంది ఆవిడ గొంతు వింటూ పెరిగారు, ఆవిడ ముఖం మాత్రం ఒక్కరికీ తెలియదు. రెండువేల ఇరవైలో భర్తకు ఇక్కడి గ్యాసు కంపెనీలో ఉద్యోగమైతే ఆయన వెంట వచ్చారు. ఆయన నెలలో సగం రోజులు సముద్రంలో ఉన్న దీవి మీదే ఉంటారు. ఇంట్లో మిగిలేది ఈవిడా, పేరమ్మా, ఆ రికార్డరూ.

వచ్చిన రెండో నెలకే కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. టోక్యోలో స్టూడియోలు కూడా మూశారు. మూస్తే మూశారు, పిల్లాడూ నక్కా మాట్లాడక తప్పదు కదా. ఈ సంగతి పేరమ్మకు ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్‌లో ఒక పొద్దున్నే ఇల్లు తుడుస్తుంటే, పడకగదిలో బట్టలు పెట్టుకునే చిన్న గదిలోంచి పిల్లాడి ఏడుపు వినపడింది. వెంటనే ముసలిదాని కేకలు. మధ్యలో ఏదో జంతువు మూలుగు. పేరమ్మ తుడిచే కర్ర అక్కడే వదిలి కిందికి పరుగెత్తింది.

కింద వాచ్‌మన్ నన్నే సాహెబ్. రాయచోటి మనిషి, పదిహేనేళ్లుగా ఆ బిల్డింగులోనే ఉన్నాడు.

"సాయిబుగారూ, బేగా రండి! బీరువాగదిలో ముసల్దెవరో పిల్లోడ్ని సంపేత్తంది!"

"ఏందిమ్మా నువ్వు చెప్పేది? ఆ ఫ్లాట్‌లో పిల్లోళ్లే లేరు గదా?"

"లేరు గాబట్టే కదండీ పిలుత్తున్నాను!"

నన్నే సాహెబ్ మాస్కు సర్దుకుని, కర్ర పుచ్చుకుని, బిస్మిల్లా అనుకుని తలుపు లాగాడు. లోపల నాలుగు గోడలకూ దుప్పట్లూ బొంతలూ వేలాడేసి ఉన్నాయి. చప్పుడు చేస్తుందని ఏసీ ఆపేశారు. మధ్యలో కనకమ్మగారు ఒక్కరే, చెప్పుల్లేకుండా, చెమటతో తడిసి ముద్దయి, చేతిలో కాగితాలతో, మైకు ముందు నిలబడి ఉన్నారు.

"యా అల్లా!" అన్నాడు నన్నే సాహెబ్, చాతీ పట్టుకుని.

ఆవిడ ముందు దణ్ణం పెట్టారు. తర్వాత రికార్డరు పెట్టారు. "ఇంకోసారి."

అప్పటినుంచి ఆ గదిలో పని జరిగే రోజుల్లో పేరమ్మ తలుపు బయట తడి తువాలు, చల్లటి బార్లీ నీళ్లు పట్టుకుని కూర్చునేది. కొన్నాళ్లకు ఆ పనిలోని మర్యాదలన్నీ తనకే ఎక్కువ తెలిసినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. మైకు ముందు గరగరలాడే బట్ట కట్టకూడదు. చేతికి ఏమీ ఉండకూడదు. కాగితం తిప్పితే కాగితానికే తెలియకూడదు. కడుపు మూలిగితే మళ్లీ మొదటినుంచి చెప్పాలి, కాబట్టి ముందే అరటిపండు తినాలి. సెలవురోజున బనియాస్‌లో తన ఊరి ఆడవాళ్ల గదికి వెళ్లినప్పుడు ఇవన్నీ అభినయించి చూపిస్తే వాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవారు.

కానీ నవ్వురాని రోజు ఒకటుంది. అదే సంవత్సరం మే నెలలో కనకమ్మగారికి జ్వరం వచ్చింది. పరీక్షకు ఇచ్చి వచ్చి, గది తలుపు వేసుకున్నారు. భర్త దీవి మీద ఇరుక్కుపోయి రాలేకపోయాడు. పేరమ్మ గిన్నెలో గంజి తెచ్చి తలుపు దగ్గర పెట్టి, దూరంగా నేల మీద కూర్చుంది. లోపలినుంచి ఆవిడ ఇంగ్లీషూ హిందీ కలిపి, ఆగి ఆగి, ఒక సంగతి చెప్పారు. ముప్ఫై అయిదో ఏట ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయిందట. ఏడాదిపాటు మాట లేదు. తర్వాత మాట వచ్చింది గానీ అది పాతది కాదు. పిల్లాడి గొంతు వచ్చింది, నక్క గొంతు వచ్చింది, పాట రాలేదు.

"పాత పాటలు సీడీల్లో ఉన్నాయి. నక్క గొంతు ఉంది. కానీ నేను మా ఇంట్లో, అన్నం తిన్నావా అని అడిగే గొంతు ఎక్కడా లేదు. అది రికార్డు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఇప్పుడు ఈ గొంతు కూడా పోతే?"

పేరమ్మకు సగమే అర్థమైంది. ఆ సగమే చాలింది. తనకొచ్చిన హిందీ అంతా ఆ క్షణాన మర్చిపోయి, తెలుగులోనే అనేసింది.

"భయం దేనికండీ? నేనున్నాను కదా."

లోపల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత చిన్నగా వినపడింది.

"పేరమ్మా-సాన్... ఇంకోసారి."

"ఓరి నా తల్లో! జొరంలో కూడానా!" అనుకుంది పేరమ్మ. అయినా అంది. మర్నాడు రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. జ్వరం తగ్గింది. రికార్డరు మళ్లీ మెడలోకి ఎక్కింది.

కనకమ్మగారు తెలుగు నేర్చిన తీరు వేరే చెప్పాలి. ఆవిడకు పాఠం చెప్పినవాళ్లు లేరు. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు పేరమ్మ వంటింటి గట్టుకు ఆనుకుని ఊళ్లో ఉన్న కూతురు సత్యకుమారితో ఫోన్లో మాట్లాడేది. ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి వీడియో లేదు, మాటలే. ఆ పావుగంటా పక్కనే స్టూలు మీద కూర్చుని, రికార్డరు పెట్టుకుని వినడమే ఈవిడ చదువు. అందువల్ల ఒక తల్లి కూతురితో ఏం మాట్లాడుతుందో అది తప్ప ఆవిడకు వేరే తెలుగు రాలేదు. లిఫ్టు దగ్గర నలభై ఎనిమిదేళ్ల నన్నే సాహెబ్ గడ్డం నిమురుకుంటూ కూర్చుంటే, అచ్చం పేరమ్మ గొంతుతో, పేరమ్మ యాసతో పలకరించేవారు.

"ఏమే అమ్మడూ, తిన్నావా? కాళ్లు వాసాయా?"

మొదటిసారి ఆయన లేచి అటూ ఇటూ చూశాడు. రెండోసారి నవ్వాడు. మూడోసారి నుంచి కావాలనే ఎదురొచ్చేవాడు.

"ఇంగా తిన్లేదు మేడమ్," అనేవాడు, తిని చేతులు కడుక్కుని వచ్చి. "ఈ దేశమొచ్చినాక నన్ను తిన్నావా అని అడిగిందెవరు పేరమ్మా? నువ్వడిగినావా? ఆమె అడిగితే మా నాయనమ్మ అడిగినట్లుంటాది."

దీవి నుంచి దిగివచ్చిన భర్తకు కూడా "మందేసుకున్నావా?" తప్పలేదు. మహా మర్యాదస్తుడు, అర్థం కాకపోయినా తల వంచి, పేరమ్మ దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క మాట "ఆయ్" అనేవాడు.

పేరమ్మకు సిగ్గుగా ఉండేది. "కనకమ్మగారూ, పెద్దోళ్లని 'అండీ' అనాలండి. 'ఏమే' అంటే బాగోదండి" అని నచ్చజెప్పింది.

ఆవిడ ఆలోచించి హిందీలో అన్నారు. "నువ్వు అమ్మడితో అండీ అనవు కదా. అండీ లేని మాట వెచ్చగా ఉంది. నాకు అదే కావాలి."

రెండువేల ఇరవై ఒకటిలో టోక్యో నుంచి కొత్త వేషం వచ్చింది. ఒక పాత టీ కెటిల్. దానికి నోరుంది, ఇంటిల్లిపాదినీ తిట్టడమే దాని పని. కనకమ్మగారు మూడు రోజులు ఇంట్లో కావాలని కప్పులు జారవిడిచి, పేరమ్మ తిట్లన్నీ రికార్డు చేసుకుని, నాలుగోరోజు బొంతలగదిలో నిలబడి జపాన్ భాషలో మొదలెట్టారు. బయట కూర్చున్న పేరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆ విసురూ, ఆ సాగతీతా, చివర్లో ఆ నిట్టూర్పూ ఎవరివో పోల్చుకుంది. ఆ కెటిలు అక్కడి పిల్లలకు తెగ నచ్చిందట. పేరమ్మ ఆ వారం బనియాస్ వెళ్లి, జపాన్‌లో తను తెలియని పిల్లాడు లేడని చెప్పుకొచ్చింది.

ఇన్ని వేషాలు వేయిస్తున్న ఆ పేరమ్మ గొంతులోనే గడ్డ ఉందని రెండువేల ఇరవై రెండులో బయటపడింది. మింగుడు పడటం లేదంటే పేరమ్మను కనకమ్మగారే ఆసుపత్రికి లాక్కెళ్లారు. నవంబరులో ఆపరేషన్. ప్రమాదమేమీ లేదు, గడ్డ తీసేశారు. అయితే గొంతుకు వెళ్లే నరమొకటి నీరసించిందని, మాట రావడానికి రెండు నెలలో మూడు నెలలో పట్టొచ్చని, వచ్చినా మునుపటిలా ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. పేరమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

ఆ సమయంలో సత్యకుమారికి ఏడో నెల.

అయిదేళ్ల కిందట కూడా ఆ పిల్లకు ఏడో నెలే. వాళ్ల నాన్న త్రిమూర్తులు కొబ్బరికాయలు దింపేవాడు. ఒక ఉదయం చెట్టు మీదినుంచి పడ్డాడు. ఎవరో పరుగెత్తుకొచ్చి "మీ నాన్న పోయాడే" అని కేకేశారు. త్రిమూర్తులు పోలేదు, కాలు మాత్రం పోయింది. కానీ ఆ కేక విన్న సత్యకుమారి కడుపులో బిడ్డ నిలవలేదు. పేరమ్మ అబుదాబి వచ్చింది ఆ కాలు వల్ల. ఇప్పుడు మళ్లీ ఏడో నెల, మళ్లీ బీపీ. ఈ పిల్లకు ఏ చెడ్డ కబురూ చేరకూడదని రాజోలు డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అందుకే పేరమ్మ ఆపరేషన్ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. త్రిమూర్తులికి అసలే చెప్పలేదు, ఆయన నోట్లో మాట దాగదు. మేడమ్‌తో నాలుగు రోజులు వేరే ఊరు వెళ్తున్నాను, ఫోన్ ఉండదు అని అబద్ధం చెప్పి ఆసుపత్రిలో చేరింది. నాలుగు రోజుల్లో గొంతు వచ్చేస్తుందనే అనుకుంది.

అయిదోరోజు సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగింది. పేరమ్మ గట్టుకు ఆనుకుని దాన్ని చూస్తూ నిలబడింది. ఆగింది. మళ్లీ మోగింది. ఆగింది. మూడోసారి మోగేసరికి ఆమె గట్టు పట్టుకుంది. తియ్యకపోతే అక్కడ ఆ పిల్ల ఏమనుకుంటుందో ఆమెకు తెలుసు. తీస్తే ఏం వినిపిస్తుందో కూడా తెలుసు.

కనకమ్మగారు వచ్చి చూశారు. ఏమీ అడగలేదు. చేతి గడియారం విప్పారు. చెవిపోగులు విప్పారు. చెప్పులు విడిచారు. అరటిపండు ఒకటి తీసి రెండు ముక్కల్లో మింగేశారు. లోపలికి వెళ్లి ఒక నీలం నోటుపుస్తకం తెచ్చి, ఒక చేత్తో ఫోనూ ఇంకో చేత్తో పేరమ్మనూ పట్టుకుని బొంతలగదిలోకి లాక్కుపోయారు.

నోటుపుస్తకం నిండా జపాన్ అక్షరాలు. ప్రతి వరుసకూ ముందు ఒక అంకె. ఆవిడ గబగబా హిందీలో గుసగుసగా చెప్పారు.

"నీ మాటలు. ఫోన్‌లో నువ్వు అమ్మడితో అనేవి అన్నీ. నలభై మూడు."

పేరమ్మ నమ్మలేకపోయింది. రెండున్నరేళ్లు రోజూ పావుగంట మాట్లాడితే మొత్తం నలభై మూడు మాటలేనా అన్నట్టు వేళ్లు చూపించింది.

"నలభై మూడు. అందులో తిట్లు పదిహేడు," అన్నారు కనకమ్మగారు. "నువ్వు వేళ్లతో అంకె చూపించు. నేను చెప్తా," అని ఏ అంకెకు ఏ మాటో గబగబా చదివి వినిపించారు.

అప్పుడే ఆవిడ చూపు పేరమ్మ చేతి మీద పడింది. రెండు గాజులు. మైకు ముందు గాజులా! తీసెయ్యమని సైగ చేశారు. అవి సత్యకుమారి కుట్టుపని చేసి కొనిచ్చినవి, సబ్బు రాసినా మణికట్టు దాటవు. పేరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ నిట్టూర్చి, వాటి చుట్టూ జేబురుమాలు కట్టి, ఫోను మళ్లీ మోగగానే స్పీకరులో పెట్టి, దానికి ఒక దణ్ణం పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. పేరమ్మ వంటింట్లో నిలబడేది అచ్చం అలాగే.

"తిన్నావా అమ్మడూ?"

తన గొంతు తన ఎదుట నిలబడి తన కూతురితో మాట్లాడుతోంది.

"అమ్మా! ఎన్నిసార్లు సెయ్యాలే? ఊరెళ్లొచ్చావా? నీకేం అవ్వలేదు కదా?"

పేరమ్మ రెండు వేళ్లు చూపించింది. "ఏం కూరొండావే?"

"నేనేం అడుగుతున్నాను, నువ్వేం అడుగుతున్నావే? ఆనపకాయ."

ఏడు. "మందేసుకున్నావా?"

"ఏసుకున్నాను."

పద్నాలుగు. "నీ మొకం, అబద్దాలాడకు."

అవతల నుంచి సత్యకుమారి నవ్వింది. మందు వేసుకోలేదని ఒప్పుకుంది. పేరమ్మ బొంతకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది.

తర్వాతి రోజుల్లో పని సాఫీగానే సాగింది. తల్లులూ కూతుళ్లూ ఫోన్లో మాట్లాడుకునే మాటలు ఎంత కొద్దివో, అవి ఎంతకాలానికీ ఎలా అరగవో పేరమ్మకు అప్పుడే తెలిసొచ్చింది. నలభై మూడులో లేనిది ఏదైనా వస్తే ఇరవై తొమ్మిది ఉండనే ఉంది. ఒకరోజు సత్యకుమారి, "అమ్మా, చింతచిగురు రొయ్యలు ఎలా వండాలే?" అని అడిగింది. కనకమ్మగారు బిక్కమొహం వేశారు. పేరమ్మ హడావిడిగా రెండు చేతుల వేళ్లూ రెండుసార్లు, ఆపైన తొమ్మిది చూపించింది.

"సిగ్నల్ బాలేదే, మళ్లీ చేస్తాను."

"వంటడిగితే సిగ్నల్ పోద్దేంటే అమ్మా, ఎప్పుడూను?"

ప్రమాదం వచ్చింది మూడోరోజునే. సత్యకుమారి ఉన్నట్టుండి సంబరంగా, "అమ్మా, తంతన్నాడే! ఇదిగో, ఫోను పొట్ట మీద పెడుతున్నాను, వినపడతందేమో సూడు" అంది. ఫోన్‌లో ఏదో గుడ్డ రాసుకున్న చప్పుడు, దాని వెనకాల ఎక్కడో ఒక మెత్తటి దెబ్బ. నిజంగా వినపడిందో, వినాలనుకున్నారో తెలియదు. కనకమ్మగారి కళ్లు పెద్దవయ్యాయి. అలవాటు మనిషిని ఎక్కడికి పోనిస్తుంది! పేరమ్మ ఏ వేలూ ఎత్తకముందే, పేరమ్మ గొంతుతోనే, మెడలో రికార్డరు పట్టుకుని అనేశారు.

"ఇంకోసారి!"

పేరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అవతల క్షణం సేపు చడీచప్పుడు లేదు. తర్వాత సత్యకుమారి, "ఇంకోసారి తన్నమంటే తంతాడేంటే, ఆడేమన్నా నా మాట ఇంటాడా?" అని మామూలుగానే కబుర్లలో పడింది. గండం గడిచిందని ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

అలా డిసెంబరు గడిచింది. జనవరి మూడోవారంలో ఒక సాయంత్రం సత్యకుమారి గొంతు వేరుగా వచ్చింది. తిన్నావా అంటే తిన్నానంది. ఏం కూరంటే చెప్పలేదు.

"రేపు ఆసుపత్రిలో చేరమన్నారు. భయంగా ఉంది. పోయినసారి లాగే అయితే? రాత్రంతా అదే గుర్తొత్తంది. నాకు శానా భయంగా ఉంది."

కనకమ్మగారు పేరమ్మ వైపు చూశారు. పేరమ్మ నలభై మూడూ వెతుక్కుంది. కూరలున్నాయి, మందులున్నాయి, తిట్లు పదిహేడున్నాయి. ఇంతకాలం ఫోన్లో కూతురికి ధైర్యం చెప్పిన మాట ఒక్కటీ లేదు. ధైర్యం చెప్పడమంటే భయం ఉందని ఒప్పుకోవడమేనని ఆమె ఎప్పుడూ తిట్టి దాటేసేది. చెయ్యి పైకి లేచింది గానీ వేళ్లు తెరుచుకోలేదు. నోరు తెరిచింది. గాలి. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

కనకమ్మగారు నోటుపుస్తకం మూసేశారు.

"భయం దేనికే? నేనున్నాను కదా."

అది వంటింటి గట్టు దగ్గరి గొంతు కాదు. దాదాపు మూడేళ్ల కిందట మూసిన తలుపు బయట, గంజి గిన్నె పక్కన, నేల మీద కూర్చుని మాట్లాడిన గొంతు. జ్వరంలో ఉన్న మనిషి ఆ మాట ఎందుకు ఇంకోసారి అనిపించుకుందో పేరమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ రికార్డరులో ఆవిడ దాచినవి చప్పుళ్లు కావు. పోతే మళ్లీ దొరకవని తెలిసి, మనుషుల్ని దాచిపెట్టారు. తనని కూడా దాచారు. తన కూతురికి అవసరమైన రోజున తీసి ఇచ్చారు.

ఫోన్‌లో సత్యకుమారి చిన్నగా, "ఆయ్" అంది.

పెద్దవాళ్లతో, పరాయివాళ్లతో మర్యాదకు అనే ఆయ్ తల్లితో అంటుందేంటి ఈ పిల్ల, అని పేరమ్మకు ఒక్క క్షణం అనిపించింది. భయంలో అనేసి ఉంటుందిలే అనుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం అల్లుడు గణేశ్ ఫోన్ చేశాడు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. కనకమ్మగారు కిందికి పరుగెత్తి నన్నే సాహెబ్‌కు చెప్పి, ఆయన "మాషా అల్లా" అంటే ఇంకోసారి అనిపించుకుని పైకి వచ్చారు. ఇంకో నాలుగు రోజులకు, నాలుగింటికి సత్యకుమారి ఫోన్ మోగగానే, మామూలుగా గడియారం విప్పబోతుంటే, పేరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. వారం రోజులుగా పేరమ్మకు కొంచెం కొంచెంగా మాట వస్తోంది. బొంగురుగా, సగం గాలి, సగం మగాడి గొంతు. అయినా తనదే. ఈ మాట తానే అనాలనుకుంది. ఫోన్ తీసింది.

"అమ్మడూ..."



"ఎవరండీ మీరు?" అంది సత్యకుమారి. "మా అమ్మకి ఇవ్వండి."

పేరమ్మ ఫోను నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "నేనేనే... మీ అమ్మనే..."

"మా అమ్మ గొంతు అది కాదండీ. మా అమ్మకి ఇవ్వండి."

కనకమ్మగారు కంగారుపడి, చెప్పులతోనే ముందుకు దూకి, గడగడా ఒకటో నంబరు అందుకున్నారు. "తిన్నావా అమ్మడూ?"

ఫోన్ పగిలిపోయేలా నవ్వు. బాలింతరాలు నవ్వకూడదని వెనక ఎవరో కోప్పడుతున్నా ఆగని నవ్వు.

"ఇంక ఆపండి కనకమ్మగారూ! కుట్లు లాగేత్తన్నాయి!"

పేరమ్మా కనకమ్మగారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నీకు... తెలుసా?" అంది పేరమ్మ బొంగురు గొంతుతో.

"మూడో రోజునే తెలిసింది. ఇంకోసారి అన్నారు కదా. అమ్మా, నువ్వు నేను ఒక్కసారి సెప్పింది ఇన్నావా ఏనాడైనా? ఇంకోసారి సెప్పమంటావా నువ్వు? రెండేళ్ల బట్టి ఆవిడ ఇంకోసారి గోల నాకు సెప్పి సెప్పి సంపావు కదే!"

"మరి... ఊరుకున్నావేంటే? భయపడిపోలేదా?"

అప్పుడు సత్యకుమారి గొంతు మెత్తబడింది. "మొదట పడ్డాను. అంతలో గాజులు గలగలమన్నాయి. ఆవిడ మాటాడే ముందల్లా నీ గాజులు గలగలమంటన్నాయి. రోజూ ఇన్నాను. నువ్వు పక్కనే ఉన్నావని తెలిసింది. గొంతు లేకపోతే లేకపోయింది, నువ్వున్నావు కదా. నాకు తెలిసిపోయిందని తెలిస్తే నువ్వు కంగారు పడతావని సెప్పలేదు."

పేరమ్మ తన చేతిని చూసుకుంది. జేబురుమాలు ఎప్పుడు జారిపోయేదో రెండు నెలల్లో ఒక్కరోజూ గమనించలేదు. కనకమ్మగారు ఆ గాజుల వైపు చూసి, పాతికేళ్ల తన వృత్తి మర్యాదనంతా పక్కనపెట్టి, వాటికి నడుం వంచి దణ్ణం పెట్టారు.

"కనకమ్మగారూ," అంది సత్యకుమారి, "ఆ రోజు నేను భయంగా ఉందన్నది మీతోనేనండి. మీరు ఉన్నానన్నారు. నిద్ర పట్టింది. ఉండండి, మీకు ఒకళ్లని ఇనిపిత్తాను."

ఫోన్‌లో గుడ్డల చప్పుడు. తర్వాత నాలుగు రోజుల పసిదాని ఏడుపు, సన్నగా, కోపంగా, ఒక్క గుక్క. ఆగిపోయింది.

కనకమ్మగారి చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. రికార్డరు దొరికింది గానీ మీట నొక్కడం చేతకాలేదు. పెదవులు కదిలాయి, ఏ గొంతూ రాలేదు. పిల్లాడిదీ రాలేదు, నక్కదీ రాలేదు, పేరమ్మదీ రాలేదు.

పేరమ్మ ఆ రికార్డరు తన చేతిలోకి తీసుకుని, మీట నొక్కి, ఫోను దగ్గర పెట్టింది. తనకు మిగిలిన ఆ బొంగురు గొంతును కూడదీసుకుని, మనవరాలితో మొదటి మాట మాట్లాడింది.

"ఇంకోసారి."

పిల్ల వెంటనే అందుకుంది, ఈసారి చాలాసేపటిదాకా ఆపలేదు. కనకమ్మగారు ముక్కు చీదుకుని, నీలం నోటుపుస్తకం తెరిచి, నలభై నాలుగో అంకె వేసి, ఆ మాట రాసుకున్నారు.